ముప్పై ఒకటో రాయి

ఫోను చొక్కా జేబులో పడేసుకుని మేస్త్రీ వచ్చి ఇంటి ముందు ముప్పై ఒకటో కిలోమీటరు రాయి మీద కూర్చున్నాడు. బయల్దేరాం అంది నర్సు, అంతే, పొడిగా. మామూలుగా అయితే అమ్మ ఎలా ఉంది, తిన్నదా, టేపు ఎంత చూపించింది అని పది ప్రశ్నలు వేసే పిల్ల. పక్కన పెద్ద డాక్టరు ఉండి ఉంటాడు, ఇవాళ నర్సు బండి కాదు, ఆయన జీపు. ఇవాళ ఆయన వచ్చేది ఇంటి దూరం చూడ్డానికేనని పోయిన వారమే చెప్పింది. మూడయింది. పన్నెండింటికి సీసా అడుగున ఉన్న మందు వంచి వంచి తీసి భార్య నోట్లో పోశాడు, నాలుగింటికి మళ్ళీ పడాలి, సీసాలో చుక్క లేదు. జీపుకి రాయికి ఒకటిన్నర నిమిషం చొప్పున వేసుకున్నా ముప్పై ఒక్క రాళ్ళకి ముప్పావుగంట, పావు తక్కువ నాలుగుకి వచ్చేస్తారు, పరవాలేదు, పావుగంట మిగులుతుంది. వచ్చి మందు ఇస్తారా, ఇచ్చి ఇదే ఆఖరు సీసా అంటారా, అది వేరే సంగతి. ఆ వేరే సంగతి తలుచుకోకూడదని గట్టిగా అనుకుని, జీపుతో పాటు తనూ పట్నం నుంచి ఒక్కో రాయి దాటుకుంటూ రావడం మొదలుపెట్టాడు. అన్నీ తను పాతించిన రాళ్ళే. ముప్పై రెండేళ్ళు రోడ్డు పని చేయించినవాడికి కళ్ళు మూసుకున్నా కనబడతాయి.

సున్నా రాయి పెద్దాసుపత్రి వెనక గేటు దగ్గర. దాని ఎదురుగా రెండు గదులు, వాటికి నొప్పి గదులని పేరు పెట్టింది తన భార్యే. గోడ మీద బోర్డు మాత్రం ఉపశమన చికిత్సా విభాగం అంటుంది. ఉపశమనం అంటే ఏమిటని అడిగితే నర్సు చేతులు తుడుచుకుంటూ, జబ్బుని మేం తీయలేం మేస్త్రీగారూ, నొప్పిని తీస్తాం, ఆవిడ ఆవిడలాగే ఉంటుంది అంది. ఎంత తేలిగ్గా అంది. పట్నంలో ఉన్నవాళ్ళకి ఆ మాట నడిచి వచ్చేంత దూరం, ఫోను చేస్తే సాయంత్రానికి సీసా ఇంటికొస్తుంది. ఇక్కడ మన ఊరి ఆసుపత్రిలో జ్వరం బిళ్ళలున్నాయి, కట్లు కట్టే గుడ్డలున్నాయి, నొప్పి తీసే ఆ సీసా మందు, మార్ఫిన్, లేదు. అది ఉంచుకోవడానికి ఏదో కాగితం కావాలట, ఆ కాగితం కోసం రాసి రాసి ఇక్కడి డాక్టరుకి చేతులు పడిపోయాయట. నర్సులేమో ఇద్దరు, బండి ఒకటి, ముప్పై కిలోమీటర్లు దాటి వెళ్తే దగ్గరివాళ్ళకి అందరు. అందుకని ముప్పై దగ్గర గీత గీశారు. గీసినవాళ్ళని తిట్టలేడు. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాడు, మీ ఇంటి దగ్గర రాయి ఎంత అని. జబ్బు రాళ్ళు చూసుకుని వస్తుందా? ముప్పై ఒకటి అని తనే చెప్పాడు, ఛాతీ కాస్త ముందుకొచ్చింది కూడా, ఆ రాయి పాతించింది నేనే అని. గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు. వెనక నుంచి నర్సే, ఒకసారి వచ్చి చూసి వెళ్తాలెండి అని ఊరి పేరు రాసుకుంది.

తొమ్మిదో రాయి దగ్గర మంచి నీడ ఉండేది. పెళ్ళైన కొత్తలో, ఆ పక్కనే గుడిసెలో ఉన్నప్పుడు, భార్య అన్నం గిన్నె పట్టుకుని అక్కడికి వచ్చేది. తను తినేలోగా ఊరుకోలేక మెళ్ళో టేపు తీసి పనివాళ్ళ కొలతలు తీసుకునేది, భుజం ఇంత, చేయి ఇంత, పొట్ట లోపలికి పీల్చకు అన్నయ్యా, చొక్కా వేసుకున్నాక బయటికి రాక తప్పదు కదా అని. పన్నెండు మంది చొక్కాలు ఆ వారంలో కుట్టింది. అదే మొదటి బేరం. రోడ్డు కొలతకి పాతే కొయ్య మేకులు చెక్కడానికి వచ్చే వడ్రంగి కొలత ఆవిడకి ఇప్పటికీ నోటికొచ్చు, ఛాతీ నలభై, ఒక భుజం అరంగుళం కిందికి. వంగి పని చేసే భుజమది, దాన్ని దాచిపెట్టేలా కుడతాను చూడు అని కుట్టింది, వాడు ఆ చొక్కా తొడుక్కుని నిటారుగా నడిచాడు. వడ్రంగి సంగతి ఇప్పుడెందుకు. పదో రాయి, పదకొండు, మూల విరిగిన పన్నెండు.

నొప్పి పదికి ఎంత అని నర్సు మొదటిసారి వచ్చినప్పుడు అడిగింది. మంచంలో మెలికలు తిరుగుతూ కూడా, పదికి ఎంతేమిటమ్మా, అది పరీక్షలో మార్కులా అంది తన భార్య. గర్భసంచిలో మొదలైన క్యాన్సరు నడుములోకి దిగిందనీ, ఇక చేసేది లేదనీ చెప్పి పంపించేసి అప్పటికి ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లో ఆవిడ పళ్ళ మధ్య నలిగిన దుప్పటి అంచు ఇంకా దండెం మీదే ఉంది, పారేయడానికి చేయి రాలేదు. నర్సు నొచ్చుకోలేదు. మరి మీరే చెప్పండమ్మా, ఎలా కొలుద్దాం అంది. భార్య తలగడ కింది నుంచి టేపు తీసి, ఒక కొస పళ్ళ కింద పెట్టి లాగి, ముప్పై నాలుగు దగ్గర బొటనవేలు పెట్టింది. అరవైకి ముప్పై నాలుగా అని నర్సు. నడుము కొలతలే అని భార్య. ఇద్దరూ నవ్వారు. ఇరవై రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడితే వంటింట్లో ఉన్న తను గ్లాసు జారవిడిచాడు. ఆ రోజు సాయంత్రానికి ఇరవై, మర్నాటికి పన్నెండు, వారం తిరిగేసరికి ఆరు. నడుము నుంచి మణికట్టు కొలతకి దింపేసింది చూడు, ఏం పనితనం అంది భార్య. ఆవిడ నోట పనితనం అన్న మాట వచ్చిందంటే మామూలు సంగతి కాదు, ముప్పై రెండేళ్ళలో తన రోడ్డుకి ఒక్కసారైనా రాలేదు. నర్సు తన రిజిస్టరులో అంగుళాలని గడి గీసుకుంది. పొద్దున ఆరు, మధ్యాహ్నం ఏడు, రాత్రి ఆరు. మందు ఎక్కువైతే మత్తులో టేపు వెనకవైపు తిప్పి చూపిస్తుంది, అదీ రాసింది, అంకెలు కనబడని వైపు అని.

ఆ రిజిస్టరే కొంప ముంచింది. మొదటి రోజు బండి ఇంటి ముందు ఆపగానే నర్సు మీటరు చూసింది, ఇటు తిరిగి తన రాయిని చూసింది, మళ్ళీ మీటరు చూసింది. లోపలికి వచ్చి, మీరు లోపలే ఉన్నారు మేస్త్రీగారూ అంది, ఇక మాట్లాడలేదు. ఇంట్లో లోపలే ఉన్నాం కదా, అదేం మాట అనుకున్నాడు. తర్వాత రిజిస్టరులో దూరం అన్నచోట ఇరవై ఎనిమిదిన్నర అని రాయడం కంటబడింది. ముక్కూ మొహం తెలియని ముసలాళ్ళ కోసం ఉద్యోగం పణంగా పెట్టి ఆ పిల్ల అబద్ధం రాస్తోంది, అదీ సిరాతో. పద్నాలుగు వారాలు అలాగే రాసింది. వానలో వచ్చింది, జ్వరంతో వచ్చింది, ఒకసారి టైరు పోతే పందొమ్మిదో రాయి దగ్గర బండి వదిలేసి పాల వ్యాను ఎక్కి వచ్చింది, సీసా ఒళ్ళో పెట్టుకుని. వచ్చాక ముందు చేతులు కడుక్కుంటుంది. తర్వాత భార్య పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ కళ్ళెత్తు తన కళ్ళెత్తు ఒకటయ్యాకే మాట్లాడుతుంది. పోయిన వారం చెప్పులేసుకుంటూ, ఆఫీసులో సంజాయిషీ అడిగారు మేస్త్రీగారూ, రాయి ముప్పై ఒకటి అంటుంటే నువ్వు ఇలా ఎందుకు రాశావని అంది. పైవారం డాక్టరుగారు కూడా వస్తారు అంది. భయపడుతున్నట్టు లేదు. మన కోసం ఆ పిల్ల ఉద్యోగం పోయేలా ఉందే అని భార్యతో అంటే, ఆవిడ కళ్ళు మూసుకునే, ఆ పిల్ల మొహం అబద్ధం రాసే మొహం కాదు మేస్త్రీ అంది. అంటే? అంటే ఏమీ లేదు, నీళ్ళివ్వు అంది.

"బావా, రాయి మీద అలా పొదుగుతూ కూర్చుంటే అది పిల్లలు పెడుతుందా?" మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. అక్కని చూసుకోవడానికి వచ్చి నెలయింది, వచ్చినప్పటి నుంచీ ఇల్లంతా తన గొంతే.

"ఎంత?" అన్నాడు లేవబోతూ.

"పద్దెనిమిది. ఇందాక పదకొండు. నువ్వు లోపలికి రావొద్దట, నీ మొహం చూస్తే రెండంగుళాలు ఎక్కువవుతోందట, అక్కే అంది." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "వస్తారా బావా?"

"వస్తున్నారు. పదిహేను దాటి ఉంటారు."

ఎలా తెలుసని అడక్కుండానే లోపలికి వెళ్ళిపోయింది. పద్దెనిమిది అంటే మెడపట్టీ దాటింది. ఆవిడ అరవదు, అదే భయం. అరిచేవాళ్ళ బాధ బయటికి కొంత పోతుంది. వడ్రంగి అరిచాడు. వద్దనుకుంటే వడ్రంగే వస్తాడు. రెండేళ్ళ కిందట, ముప్పై రెండో రాయి దగ్గరి ఇంట్లో, నాలుక కింద పుండుతో. వాడి భార్య నొప్పి గదులకి వెళ్తే గుమాస్తా అడిగాడు, రాయి ఎంత? ముప్పై రెండు. అమ్మా, గీత దాటిపోయారు అన్నాడట, అతనూ బాధపడుతూనే అన్నాడట. ఆవిడ జ్వరం బిళ్ళలు తెచ్చుకుంది. నలభై రోజులు. అంత మంచి గొంతు, రంపం లాగుతూ పాడేవాడు, ఆ గొంతు ఆఖరికి మాట కాకుండా పోయింది, కిలోమీటరు దూరంలో తమ ఇంటికి కూడా గాలి ఇటు తిరిగితే వినబడేది. వీధిలో అందరూ కిటికీలు మూసుకున్నారు. తనూ మూశాడు. భార్య మాత్రం లేచి వెళ్ళి తెరిచింది, వాడు అరుస్తుంటే మనం వినను కూడా వినకపోతే ఎలా అంది. వాడి ఆఖరి చొక్కా కూడా ఆవిడే కుట్టింది, భుజం అరంగుళం దించి.

ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. జీపు ఇరవై రెండు దాటింది. ఇరవై ఆరు. ఇరవై ఆరు దగ్గర చిన్న కల్వర్టు, దాని పక్క టీ కొట్టు. కాదు, ఇరవై మూడు ఎక్కడ పోయింది? మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. ఇరవై రెండు దగ్గర గుట్ట మొదలు, గుట్ట చుట్టూ పాత రోడ్డు పోయేది, ఇరవై మూడు ఒక పక్క, ఇరవై నాలుగు అవతలి పక్క, ఇరవై అయిదు మళ్ళీ తిన్నటి రోడ్డు మీద. పాత రోడ్డు. ఇప్పుడా రోడ్డు లేదు. గుట్ట తొలిచి మధ్యలోంచి వేశారు. వేశారేమిటి, వేయించింది తను. మూడు కిలోమీటర్లు చుట్టి వచ్చేది అర కిలోమీటరయింది. కూర్చున్న రాయి చల్లగా తగిలింది, ఒక్కసారిగా, కొత్తగా.

తెలియక కాదు. ఇరవై ఆరేళ్ళు దాని జోలికి పోలేదు, అంతే. రోడ్డు తగ్గింది కాబట్టి ఇరవై అయిదు నుంచి చివరి దాకా ఉన్న రాళ్ళన్నీ పీకి రెండున్నర కిలోమీటర్లు ముందుకు జరిపి మళ్ళీ పాతాలి, నలభై పై చిలుకు రాళ్ళు. నడివేసవి. గడ్డపార పట్టుకుంటే అరచేయి అంటుకుపోయేది. పనివాళ్ళు తన మొహం చూశారు. తను రోడ్డు మొహం చూశాడు. ఎవడు కొలుస్తాడులే, అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఎవరో పక్కన నిలబడి అన్నట్టు వినబడింది. ఇరవై మూడునీ ఇరవై నాలుగునీ గుట్ట కోతలో రెండడుగులకొకటి అన్నట్టు ఇరికించి పాతేశారు. బస్సు డ్రైవర్లు ఇక్కడ మా బండికి రెక్కలొస్తాయని నవ్వుకునేవాళ్ళు. అన్ని రాళ్ళూ జరిపించితిని అని కాగితం మీద సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి గొప్పగా చెప్తే భార్య మిషను ఆపింది. గుడ్డ కత్తిరించాక మళ్ళీ కొలవకుండా ఎవరైనా గుండీలు కుడతారా మేస్త్రీ అంది. నీ కుట్టుపనికీ నా రోడ్డుకీ సామ్యమా అని కంచం తోసేసి లేచిపోయాడు, రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. అబద్ధం రాసే మొహం కాదు అన్నప్పుడు ఆవిడకి తెలుసు. ఎత్తకుండానే అంది.

నర్సు మీటరు నిజం. పద్నాలుగు వారాలుగా ఆ పిల్ల నిజమే రాస్తోంది, తన రాయే ఆ పిల్ల రాసింది అబద్ధమని అంటోంది. ఎంత గొప్ప మనసు, మన కోసం తప్పు చేస్తోంది అని లోలోపల మెచ్చుకుంటూ కూర్చున్నాడు తను. దయ చూపించలేదా పిల్ల. కొలిచింది. కొలిచింది కొలిచినట్టు రాసి, నలుగురూ కాదంటే కూడా కొట్టేయకుండా నిలబడింది. తన నెత్తిన తెల్లవెంట్రుకలున్నాయి, ఆ పిల్లకి ముప్పై ఏళ్ళు ఉండవు. సిగ్గుతో తల వంగిపోయింది, అయినా ఆ సిగ్గులోనే ఇలాంటి మనిషి తన గుమ్మం తొక్కిందన్న సంతోషం కూడా ఉంది, రెండూ ఎలా కలిసి ఉంటాయో తెలియలేదు. అయితే ఈ ఇల్లు ఇరవై ఎనిమిదిన్నర. లోపలే. మీరు లోపలే ఉన్నారు. మరి ముప్పై రెండో రాయి? వేళ్ళు వాటంతటవే లెక్క కట్టాయి. ఒక కిలోమీటరు. ఇరవై తొమ్మిదిన్నర. ఇంకోసారి కట్టాడు. ఇరవై తొమ్మిదిన్నర. వడ్రంగి లోపలే ఉన్నాడు. నలభై రోజులూ లోపలే ఉన్నాడు. వాడికీ సీసాకీ మధ్య తన రాయి తప్ప ఇంకేమీ లేదు.

జీపు చప్పుడు. గడియారం చూశాడు, నాలుగు నిమిషాలు ముందే వచ్చేసింది. ఆ నాలుగు నిమిషాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పుడతనికి తెలుసు.

నర్సు సంచి పట్టుకుని దిగి, ఎంత అన్నట్టు కళ్ళతోనే అడిగింది. పద్దెనిమిది దాటింది అన్నాడు. ఆ పిల్ల పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళిపోయింది. తెల్లజుట్టు డాక్టరు నెమ్మదిగా దిగి రాయి వైపు చూశాడు. ఆయన అడిగేవరకూ మేస్త్రీ ఆగలేదు.

"ఆ రాయి తప్పండి," అన్నాడు. "నేను పాతించిందే. గుట్ట తొలిచాక జరిపించాలి, జరిపించలేదు. జరిపించానని సంతకం పెట్టాను. మీ నర్సమ్మ రాసిందే నిజం. ఆ అమ్మాయిని ఏమీ అనకండి."

"జీపు మీటరు కూడా ఇరవై ఎనిమిదిన్నరే చూపించింది," అన్నాడు డాక్టరు. "రెండు మీటర్లూ ఒకేలా చెడిపోతాయా అని దారంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఆ అమ్మాయి పాపం తన బండి మీటరు రెండుసార్లు బాగుచేయించింది, మేం నమ్మలేదు. ఆ సంజాయిషీ కాగితం నేనే చింపేస్తాను."

నాలుగు కాకముందే మందు పడింది. కాసేపటికి నర్సు బయటికి వచ్చి, తడి చేతులు తుడుచుకుంటూ, జరిగింది డాక్టరు నోట విన్నది. మేస్త్రీ ఆమె కాళ్ళ వైపే చూస్తూ వడ్రంగి సంగతి కూడా చెప్పాడు, ఛాతీ కొలత దగ్గర్నుంచి కిటికీల దాకా. పోనీలెండి అనలేదామె. ఎంత పని చేశారు అనీ అనలేదు. కాసేపు ముప్పై రెండో రాయి వైపు చూసి రిజిస్టరు తెరిచింది.

"అయితే అసలు ముప్పై ఎక్కడ మేస్త్రీగారూ?"

"వడ్రంగి ఇల్లు దాటాక అర కిలోమీటరు. ఇటుకల బట్టీ దగ్గర."

"మీ ఇంటి నుంచి అక్కడిదాకా ఇలా బాధపడేవాళ్ళు ఇప్పుడెవరైనా ఉన్నారా?"

ఉన్నారు. బట్టీ పక్కనే, బడిలో ఆయాగా చేసిన ఆవిడ, గొంతు దగ్గర గడ్డ. అది చెప్పగానే నర్సు పెన్ను మూసి డాక్టరు వైపు చూసింది, డాక్టరు జీపు వైపు చూశాడు. "ఆ తర్వాత ముప్పై అయిదులో ఉన్నవాళ్ళు, నలభైలో ఉన్నవాళ్ళు?" అన్నాడు మేస్త్రీ, అడిగే హక్కు తనకి లేదని తెలిసీ. "వాళ్ళకి ఏం చెప్పాలో మాకింకా తెలీదు మేస్త్రీగారూ," అంది నర్సు, జీపు ఎక్కుతూ. "తెలిసిన ఒకటిన్నర కిలోమీటరు ముందు వెళ్ళొస్తాం." జీపు పట్నం వైపు తిరగలేదు, బట్టీ వైపే వెళ్ళింది. అది కనుమరుగయ్యేదాకా అతను చూస్తూ నిలబడ్డాడు.

లోపల భార్య మొహంలో గీతలు విడిపోయి ఉన్నాయి. మరదలు ఆమె పాదాలు ఒత్తుతోంది. కిటికీ తెరిచి ఉంది, కాబట్టి భార్య అంతా విని ఉంటుంది. టేపు మీద బొటనవేలు ఏడు దగ్గర ఉంది. అతను నర్సు కూర్చున్న చోటే నేల మీద కూర్చున్నాడు, కళ్ళెత్తు ఒకటయ్యేలా. ఆమె టేపు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇప్పుడు నీది చూపించు."

ఒక కొస పళ్ళ కింద పెట్టుకుని లాగాడు. ముప్పై, నలభై, యాభై. అరవై దగ్గర టేపు అయిపోయింది. ఇంకా లాగుతున్న అతని చేతిని ఆమె పట్టుకుని ఆపింది.

"రేపు రోడ్ల ఆఫీసులో చెప్పి గడ్డపార తీసుకో," అంది, మందు మత్తు కమ్ముతున్న గొంతుతో. "వడ్రంగి ఇంటి ముందు రాయితో మొదలుపెట్టు."

"వాడి భార్య బయటికి వస్తుంది. ఎందుకు తవ్వుతున్నావు అన్నయ్యా అంటుంది."

"అంటుంది," అంది ఆమె. "చెప్పు."